బ్లేడు మార్చే రంద కొనాలా, నూరుకునే రందే మేలా?

జులైలో ముసురు పట్టిందంటే హన్మకొండలో మాకు ఫోన్లు మొదలవుతాయి. తలుపు ఉబ్బింది, గడియ పడటం లేదు, కడప దగ్గర రాసుకుంటోంది అని. వెళ్లి తలుపు దించి చూస్తే అంచు మీద నాలుగు పొరల పెయింటు, కింది భాగాన గట్టిపడిన సిమెంటు చుక్కలు, ఎప్పుడో తల విరిగి లోపలే ఉండిపోయిన మొల. పొద్దున కూర్చుని నూరుకున్న రందను (చెక్కను చెక్కి నునుపు చేసే చిత్రికను) దాని మీద పెట్టడానికి చేయి రాదు. పెట్టకపోతే పని కాదు.

కిందటి వానాకాలం ఇలాంటి పని మీదే ఉన్నప్పుడు, నాతో పని చేసే పిల్లగాడు ఫోన్‌లో ఒక రంద చూపించాడు. "అన్నా, ఇది తీసుకుంటె నూరుడు బాధ ఉండదంట గద? బ్లేడు మొండిబారితె తీసి పారేసుడే" అన్నాడు. అప్పటికి నేను అలాంటిది కొని, కొన్నాళ్లు వాడి, ఒక దెబ్బ కూడా తిని ఉన్నాను. అతనికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ముందు నా మాట చెప్పేస్తాను: రెండో రందగా అయితే కొనండి. మొదటి రందగా మాత్రం వద్దు.

అసలు ఇదేం రంద

మన దగ్గర రంద అంటాం, పుస్తకాల్లో చిత్రిక అని రాస్తారు. మామూలు రందలో బ్లేడు పొడవుగా, మందంగా ఉంటుంది. అరిగినకొద్దీ నూరుకుంటూ ఏళ్ల తరబడి వాడతాం. బ్లేడు మార్చే రందలో షేవింగ్ బ్లేడు తరహాలో పలుచని, వెడల్పు తక్కువ పట్టీ ఉంటుంది. చాలావాటికి రెండు వైపులా పదును ఉంటుంది. ఒక అంచు మొండిబారితే తిప్పి పెడతాం, రెండోదీ పోతే పారేస్తాం. స్విట్జర్లాండ్‌లో తయారయ్యే రాలి రందలు ఈ రకంలో పేరున్నవి. స్టాన్లీ కూడా ఆర్‌బి 5, ఆర్‌బి 10 అనే మోడళ్లు చేసింది.

ఈ ఆలోచన మనకేమీ కొత్త కాదు. సైట్లలో వాడే కరెంటు రంద ఎప్పటినుంచో ఇలాగే నడుస్తోంది. అందులో 82 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నని కార్బైడ్ బ్లేడ్లు వేస్తాం, ఒక అంచు పోతే తిప్పుతాం, రెండూ పోతే కొత్త జత కొంటాం. వాటిని నూరాలని ఎవరూ అనుకోరు. చేతి రంపాల సంగతీ అంతే. పళ్ల కొనలు నల్లగా, నీలంగా కనిపించే రంపాలు ఇప్పుడు ఎక్కువగా కొంటున్నాం. ఆ కొనలను వేడితో ఎంత గట్టిపరుస్తారంటే ఆకురాయి వాటి మీద జారిపోతుంది. మొండిబారితే పక్కన పడేయడమే. పళ్లకు పదును పెట్టిచ్చే మనిషి దొరకడం కష్టమయ్యాక రంపం విషయంలో అందరం ఒప్పేసుకున్నాం.

మరి రంద విషయంలో ఎందుకు ఒప్పుకోను? రంపానికి పదును పెట్టాలంటే వందకు పైగా పళ్లు ఒక్కొక్కటిగా రాకాలి. రంద బ్లేడుకు ఉన్నది ఒకే ఒక్క అంచు. రాయి మీద ఐదారు నిమిషాల పని. కటింగ్ షాపుల్లో మంగలి కత్తి పోయి సగం బ్లేడు వచ్చిందంటే, ఒకరి నెత్తురు ఇంకొకరికి అంటకూడదన్న గట్టి కారణం ఉంది. చెక్కకు అలాంటి కారణం లేదు. కాబట్టి ఇక్కడ చూసుకోవాల్సినవి రెండే: ఖర్చు ఎంత, పని ఎలా వస్తుంది.

ఖర్చు లెక్క

బ్లేడ్ల ధరలు దుకాణానికో తీరుగా ఉంటాయి. అందుకే లెక్క వేసే పద్ధతి చెప్తాను, మీ అంకెలు మీరు పెట్టుకోండి.

పనివాడి రోజు కూలి 1000 రూపాయలు, పని 8 గంటలు అనుకుందాం. అంటే నిమిషానికి సుమారు 2 రూపాయలు. చేయి తిరిగిన మనిషి బ్లేడు విప్పి, రాయి మీద నూరి, మళ్లీ బిగించడానికి 7 నిమిషాలు పడుతుందనుకుందాం. ఒకసారి నూరితే 14 రూపాయల కాలం పోయినట్టు. మార్చే బ్లేడుకు రెండు అంచులు, అంటే రెండుసార్లు నూరే పని తప్పుతుంది. తిప్పడానికి, మార్చడానికి పట్టే కాస్త సమయాన్ని వదిలేసినా మిగిలేది 28 రూపాయలు. ఆ బ్లేడు 28 రూపాయలకంటే ఎక్కువ ధర ఉందంటే శుభ్రమైన చెక్క మీద మీకు నష్టమే.

ఇప్పుడు మొలకు తగిలిన సంగతి చూద్దాం. అంచు గంటు పడితే రాయి మీద పోదు. ఆ గంటు పోయేదాకా సాన మీద అరగదీయాలి, మళ్లీ వాలు సరిచేయాలి, తర్వాత రాయి. నాకైతే 40 నిమిషాలు తక్కువ పట్టదు. అంటే 80 రూపాయలు, పైగా మంచి ఉక్కు కొంత అరిగిపోయింది. మార్చే బ్లేడులో ఇది ఒక అంచు ఖర్చు మాత్రమే. కాబట్టి మొలలు, పెయింటు, సిమెంటు ఉన్న పనిలో బ్లేడు 160 రూపాయలున్నా మీకు గిట్టుతుంది.

ఒకే రంద, ఒకే బ్లేడు. శుభ్రమైన టేకు మీద నష్టం, పాత తలుపు మీద లాభం. "అది మంచిదా కాదా" అని అడిగేవాళ్లకు నేను ముందు "మీరు దేని మీద పెడతారు" అని అడిగేది ఇందుకే.

వరంగల్ వైపు పాత ఇళ్లు కూలగొట్టినప్పుడు వచ్చే టేకు దర్వాజలు, దూలాలు కొని కొత్త ఇంటికి వాడుకునేవాళ్లు చాలామంది. ఆ చెక్క నాణ్యత ఇప్పుడు దొరికే లేత టేకుకు రాదు. కానీ లోపల ఎన్ని మొలలున్నాయో కంటికి కనిపించవు. అలాంటి చెక్క చేసేవాళ్లకు ఈ రంద నిజంగా పనికొస్తుంది. పై పొర అంతా దీనితో తీసేసి, మొలలన్నీ బయటపడి లాగేశాక, అసలు రందతో ఫినిషింగ్ చేయాలి.

పనితనం దగ్గర తేడా

మా బాపు (నాన్న) వాడిన కొయ్య రంద ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని బ్లేడు ఊరి కమ్మరి లారీ కమాన్ పట్టీని కొలిమిలో సాగగొట్టి, పాయనం పెట్టి (కాల్చి ముంచి గట్టిపరచి) చేసిచ్చింది. దాదాపు నాలుగు మిల్లీమీటర్ల మందం. ఉత్తర తెలంగాణ ఉక్కు పుట్టిన నేల. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవారు. ఆ ఉక్కుకూ ఈ లారీ పట్టీకీ సంబంధం లేదు గానీ, ఊరి కమ్మరి చేతి బ్లేడు నూరుతున్న ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. ఇలాంటి మందమైన బ్లేడు గట్టి చెక్క ముడి మీదకు పోయినా వణకదు. పలుచని బ్లేడు వణుకుతుంది. వణికినచోట చెక్క మీద దగ్గర దగ్గరగా అడ్డగీతలు పడతాయి, పాలిష్ వేశాక అవి ఇంకా బాగా కనిపిస్తాయి. మంచి కంపెనీల బ్లేడు మార్చే రందల్లో పట్టీని రెండు పలకల మధ్య గట్టిగా నొక్కి పడతారు కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. చవక రకాల్లో తప్పదు.

వణుకుకంటే నాకు పెద్ద లోటుగా అనిపించేది ఇంకొకటి ఉంది. నూరుకునే బ్లేడు అంచును మనకు కావాల్సిన తీరుగా చేసుకోవచ్చు. వెడల్పాటి పలక మీద వాడే బ్లేడు మూలలను వెంట్రుకవాసి ఎక్కువ అరగదీస్తాం. అంచు నడుమ కొద్దిగా ఉబ్బి ఉంటుంది. అప్పుడు పక్కపక్కన రంద పోనిచ్చినా మూలలు చెక్కలోకి దిగవు, గీతలు పడవు. మార్చే బ్లేడు ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వస్తుంది, తిన్నగానే ఉంటుంది. తలుపు పలక మీద, డైనింగ్ టేబుల్ మీద వాడితే ప్రతి వరసకూ ఒక సన్నని మెట్టు పడుతుంది. తర్వాత సాండ్ పేపర్‌తో గంటల పని.

వాలు సంగతీ అలాంటిదే. మామూలు ఇనుప రందలో బ్లేడు 45 డిగ్రీల మీద కూర్చుంటుంది. అంచును 25 డిగ్రీల దగ్గర సాన పట్టి, చివర 30 డిగ్రీల దగ్గర రాయి మీద నూరుకోవడం అలవాటు. తుమ్మ లాంటి గట్టి చెక్కకు ఆ చివరి వాలు ఇంకాస్త పెంచితే అంచు ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ వెసులుబాటు పారేసే బ్లేడులో లేదు, కంపెనీ ఇచ్చిందే వాలు.

తర్వాత రేఖ, అంటే చెక్కలో నారలు పోయే దారి. టేకులో రేఖ తిన్నగా ఉన్నంతసేపు ఏ రందయినా పొట్టు చుట్టలు చుట్టలుగా వస్తుంది. రేఖ తిరిగినచోట చెక్క పెచ్చులు లేస్తుంది. దాన్ని ఆపడానికి ఇనుప రందలో బ్లేడు మీద స్క్రూతో బిగించే రెండో పట్టీ ఉంటుంది. దాన్ని అంచుకు అర మిల్లీమీటరు దూరం దాకా జరిపితే పొట్టు లేవగానే మడిచి విరిచేస్తుంది, పెచ్చు లోపలికి పోదు. బ్లేడు మార్చే రందల్లో దాన్ని మన ఇష్టం వచ్చినట్టు ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలు సాధారణంగా ఉండదు. ముడులున్న వేప చెక్క మీద నేను ప్రయత్నించి వదిలేశాను.

ఇక దాని మంచి కూడా చెప్పాలి. కొత్త బ్లేడు పెట్టిన మొదటి పది నిమిషాలు దాని పదును చాలామంది పనివాళ్ల నూరిన బ్లేడుకంటే బాగుంటుంది. ఇది నిజం. నూరడం సరిగ్గా రానివాళ్ల చేతిలో ఈ రందే మంచి పని చేస్తుంది. ప్రతిసారీ అదే వాలు, అదే పదును. హెల్పర్ చేతికి ఇచ్చినా టెన్షన్ లేదు.

టేకు గురించి ఇంకొక మాట. ఆ చెక్కలో సహజంగానే సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థం. ఎంత మంచి బ్లేడయినా త్వరగా మొండిబారుతుంది. జన్నారం అడవుల టేకయినా, పొలం గట్టు టేకయినా అంతే. రోజంతా టేకు మీద పని చేసేవాళ్లు పారేసే బ్లేడ్ల మీద ఆధారపడితే వారం తిరిగేసరికి డబ్బా ఖాళీ అవుతుంది.

ప్లైవుడ్ పని చేసేవాళ్లకు

కాజీపేట, హన్మకొండ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు మన పనిలో సగానికి పైగా ప్లై, బ్లాక్‌బోర్డు, ఎండీఎఫ్, వాటి మీద సన్‌మైకా. ఇక్కడ నా అభిప్రాయం మారుతుంది. ప్లైలో పొరల మధ్య ఉండే జిగురు ఎండాక గాజులా గట్టిపడుతుంది, బ్లేడును తినేస్తుంది. సన్‌మైకా ఇంకా ఘోరం. 6 సూతుల (అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూతు) ప్లై అంచు వెడల్పు 19 మిల్లీమీటర్లే కాబట్టి బ్లేడు మూలలు గీతలు పెడతాయన్న బాధా లేదు. రేఖ, పెచ్చుల గొడవ కూడా తక్కువే. మూడో అంతస్తులో, నీళ్లు లేని సైట్‌లో రాయి పెట్టుకుని కూర్చోవడం కుదరదు. ఆ పనికి ఈ రంద సరిపోతుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అంచు సన్నగా ఉన్నప్పుడు బ్లేడులో నడుమ ముక్కే అరుగుతుంది, రెండు పక్కలా పదును అలాగే ఉంటుంది. రందను కాస్త కుడికి, తర్వాత ఎడమకు జరిపి వాడితే ఒక అంచు రెండు మూడు రెట్లు పని చేస్తుంది. ఇది చూసుకోకుండా సగం పదునున్న బ్లేడ్లను పారేసినవాళ్లను చూశాను, మొదట్లో నేనూ అదే చేశాను.

సైట్‌లో కరెంటు ఉంటే, తీయాల్సింది రెండు సూతులకు మించి ఉంటే, కరెంటు రందే వాడండి. చాలా మోడళ్లు నిమిషానికి 15 వేల చుట్లకు పైగా తిరుగుతాయి, నిమిషంలో పని అయిపోతుంది. కానీ తిరిగే బ్లేడు చెక్క మీద చిన్న చిన్న అలలు వదులుతుంది. వాటిని తీయడానికి చివర్లో చేతి రంద కావాల్సిందే.

నూరడం రాదని కొనేవాళ్లకు

కొత్తగా పనిలోకి వచ్చిన తమ్ముళ్లు ఎక్కువమంది ఈ రంద వైపు చూసేది నూరడం రాకనే. వాళ్లకు నేను ఖరాఖండీగా చెప్పేది, ముందు నూరడం నేర్చుకోండి అని. రేపు ఉలి కూడా నూరాలి కదా. పారేసే బ్లేడున్న ఉలితో దర్వాజ కుసులు (చెక్కలు ఒకదాంట్లో ఒకటి దిగే జాయింట్లు) కొట్టలేం.

దానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మందపాటి గాజు ముక్క ఒకటి, పెయింటర్లు వాడే వాటర్ పేపర్ 220, 400, 1000, 2000 నంబర్లు. గాజు మీద నీళ్లు చల్లి పేపర్ అతికించి, ముందు బ్లేడు వెనక భాగాన్ని చదునుగా, అంచు దగ్గర అద్దంలా మెరిసేదాకా రుద్దండి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. తర్వాత వాలు వైపు. వాలు మొత్తం పేపర్‌కు ఆనించి పట్టుకుని, చేయి ఊగకుండా లాగండి. అంచు వెనకవైపు వేలితో తడిమితే ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నగా గరుకు తగలాలి. తగిలిందంటే ఆ నంబర్ పని అయిపోయినట్టు. అక్కడక్కడే తగిలితే ఇంకా రుద్దాలి. 2000 దాకా వచ్చాక వెనకవైపు రెండుసార్లు చదునుగా లాగితే ఆ గరుకు రాలిపోతుంది. చేతి మీద వెంట్రుకలు తెగితే పదును వచ్చినట్టే. రెండు వారాలు రోజూ చేస్తే చేతికి వస్తుంది. నాకైతే నెల పట్టింది. బాపు పక్కన నిలబడి ఒక్క మాట అనకుండా మళ్లీ మళ్లీ చేయించాడు.

కరెంటు సాన మీద మాత్రం జాగ్రత్త. మామూలు ఉక్కు బ్లేడు అంచు నీలం తిరిగిందంటే పాయనం పోయిందని అర్థం. ఆ నీలం ఉన్నంత మేర ఉక్కు మెత్తబడుతుంది, ఎంత నూరినా పదును నిలవదు. నీళ్లలో ముంచుతూ, తేలికగా ఆనిస్తూ పట్టాలి.

ఎవరికి ఏది

నర్సంపేట, పరకాల, ములుగు వైపు ఊళ్లలో దర్వాజలు, కిటికీలు, మంచాలు చేసేవాళ్లకు నూరుకునే ఇనుప రంద ఒకటి, 14 అంగుళాల పొడవుది, చాలు. మన దేశంలో చేసిన అనంత్, గ్రోజ్ లాంటివి చూడవచ్చు. మొదట అడుగు భాగం చదునుగా ఉందో లేదో స్కేలు పెట్టి చూసుకోండి. ఇంట్లో పాత కొయ్య రంద ఉంటే దాన్ని అమ్మకండి, అడుగు సరిచేసుకుంటే అది ఇంకో తరం వస్తుంది.

సోఫాలు, డైనింగ్ టేబుళ్లు చేసి పాలిష్ దాకా బాధ్యత తీసుకునేవాళ్లకు పారేసే బ్లేడు వద్దే వద్దు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క చాలా మెత్తన, అక్కడ ఈ ప్రశ్నే రాదు.

ఇంటింటికీ తిరిగి రిపేర్లు చేసేవాళ్లు, ప్లై పని సైట్ల మీదే ఉండేవాళ్లు, పాత టేకు కొని తిరగచేసేవాళ్లు తమ అసలు రందకు తోడుగా ఇది కొనుక్కోవచ్చు. ఏడాదికి రెండుసార్లు ఇంట్లో తలుపు సరిచేసుకునే ఉద్యోగస్తులకూ ఇది బాగానే ఉంటుంది. వాళ్లను రాయి కొని నూరడం నేర్చుకోమనడం న్యాయం కాదు.

కొనే ముందు

నేను తిన్న దెబ్బ ఇక్కడే. ఆన్‌లైన్‌లో ఒక రంద బాగుందని తెప్పించాను. దానితో వచ్చిన బ్లేడ్లు మూడు నెలల్లో అయిపోయాయి. మళ్లీ కొందామంటే ఆ బ్లేడ్లు అక్కడే దొరకడం ఆగిపోయింది. వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల దుకాణాలన్నీ తిరిగాను, ఏ కంపెనీ బ్లేడూ అందులో కూర్చోలేదు. వెడల్పు సరిపోతే రంధ్రాలు కలవలేదు. పాత బ్లేడునే రాయి మీద నూరి చూశాను. పట్టుకోవడానికి వేళ్లకు చోటు లేదు, పైగా కొద్దిగా అరిగేసరికి అంచు రంద అడుగు నుంచి బయటికి రావడం మానేసింది, ఎందుకంటే ఆ బ్లేడు కూర్చునే చోటు మేకులతో ఖాయంగా ఉంటుంది. ఆ రంద ఇప్పుడు అటక మీద ఉంది.

అందుకని ముందు బ్లేడ్లు వెతకండి, తర్వాత రంద. కనీసం రెండు చోట్ల ఆ బ్లేడు దొరుకుతుందని తేలాకే రంద కొనండి, కొన్నరోజే ఏడాదికి సరిపడా బ్లేడ్లు తెచ్చి పెట్టుకోండి. వానాకాలం తేమకు తుప్పు పట్టకుండా డబ్బాలో కాస్త నూనె గుడ్డ వేసి ఉంచండి. దుకాణంలో రంద చేతికి ఇస్తే బ్లేడు బిగించి, బొటనవేలితో వెనక నుంచి నొక్కి చూడండి. కదిలినట్టు అనిపిస్తే అక్కడే పెట్టేసి రండి. వీలయితే ఒక చిన్న టేకు ముక్క జేబులో వేసుకుని వెళ్లి దాని మీద లాగి చూడండి. అడ్డగీతలు పడితే అక్కడే తెలిసిపోతుంది.

వాడేసిన బ్లేడ్లను పొట్టులో వేయకండి. సైట్లలో ఆ పొట్టును పొయ్యిలోకని, కోళ్ల ఫారానికని గోనె సంచుల్లో చేతులతోనే ఎత్తి తీసుకుపోతారు. ఎక్కువగా ఆడవాళ్లు, కొన్నిసార్లు వాళ్ల వెంట పిల్లలు. నేను ఖాళీ కూల్‌డ్రింక్ సీసా ఒకటి సంచిలో పెట్టుకుంటాను. పాత బ్లేడు మూతి నుంచి లోపలికి వేస్తాను, పట్టకపోతే సీసా పక్కకు చిన్న చీలిక కోసి అందులోంచి వేస్తాను. నిండాక టేపు చుట్టి పాత ఇనుము కొనేవాళ్లకు, లోపల ఏముందో చెప్పి మరీ ఇస్తాను.